అరగంటలో వచ్చిన పాఠం

సూరత్ నుంచి ముంబయికి వెళ్లే రైలుమార్గంలో ఉధ్‌నా, భేస్తాన్ దాటిన తరువాత సచిన్ అనే స్టేషన్ వస్తుంది. నేటి సచిన్ అంటే పారిశ్రామికవాడ, మరమగ్గాలు, అద్దకపు మిల్లులు. తెలంగాణ జిల్లాల నుంచి సూరత్‌కు వలసవెళ్లి, మగ్గాన్ని నమ్ముకొని తరాలుగా జీవిస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్తది కాదు. క్రికెట్ అభిమానికి ఈ పేరు వినగానే వేరొకరు స్ఫురించడం సహజమే గాని, ఆ ఆటగాడికి ఆ పేరు వచ్చింది ఈ ఊరి వలన కాదు. సంగీత దర్శకుడు సచిన్ దేవ్ బర్మన్ మీద అభిమానంతో తండ్రి పెట్టుకున్న పేరది. ఈ ఊరికి సంగీతంతో గల బంధుత్వం ఇంకొక దారిన వచ్చింది.

ఆ దారి ఆఫ్రికా నుంచి బయలుదేరుతుంది. 1791 నుంచి 1948 వరకు సచిన్ ఒక చిన్న సంస్థానం. దానిని ఏలిన నవాబులు సిద్దీలు, అనగా ఆఫ్రికా సంతతివారు. జంజీరా కోట మీద తనకు గల హక్కును అబ్దుల్ కరీం యాకూత్ ఖాన్ అనే సిద్దీ ప్రభువు పీష్వాకు వదులుకోగా, దానికి బదులుగా ఈ భూభాగం ఆయనకు సంక్రమించింది. (పీష్వాకు హక్కు దక్కిందే గాని, కోట మాత్రం ఏనాడూ దక్కలేదు.) అబిసీనియా నుంచి, ఆఫ్రికా తూర్పు తీరం నుంచి నావికులుగా, సైనికులుగా, బానిసలుగా శతాబ్దాల పాటు మన పడమటి తీరానికి చేరినవారిలో సింహాసనం ఎక్కినవారు బహు కొద్దిమంది. మిగిలినవారు గుజరాత్ పల్లెల్లో కూలీలుగా, దర్గాల నీడన ఫకీర్లుగా బ్రతికారు. పూర్వుల సంగీతాన్ని కాపాడుకొని వచ్చింది ఈ రెండవ వర్గమే.

భరూచ్ జిల్లాలోని రతన్‌పూర్ వద్ద బావా గోర్ దర్గా ఉన్నది. బావా గోర్‌ను, ఆయన సోదరి మాయీ మిశ్రాను సిద్దీలు తమ పూర్వీకులైన పుణ్యపురుషులుగా కొలుస్తారు. అక్కడి ఉత్సవాలలో వినవచ్చే ఆటపాటలకు ‘గోమా’ అని పేరు. డోలును, దానితో కూడిన ఆటను సూచించే ‘ఎన్‌గోమా’ అనే స్వాహిలీ పదమే ఇలా మారింది. కాళ్లున్న ముగర్మాన్, రెండు ముఖాల ముసిందో అనే డోళ్లు, కొబ్బరిచిప్పతో చేసిన గిలక, వీటన్నిటి హోరులో ఆట క్రమంగా వేగం పుంజుకుంటుంది. చూడవచ్చిన వారి కన్ను ఆటగాళ్ల మీదనే నిలుస్తుంది. కాని వీటికి దూరంగా, ఒంటరిగా పాడుకునే ఫకీరు చేతిలో మరొక వాద్యం ఉండేది. దాని పేరు మలుంగా.

మలుంగా అంటే ఒక విల్లు. వంచిన కర్రకు ఒకే ఒక తీగ. నడుమ ఒక ముడితో ఆ తీగను కర్ర వైపు లాగి కట్టడం వలన అది హెచ్చుతగ్గుగా రెండు భాగాలై, రెండు స్వరాలు పలుకుతుంది. ధ్వని పెరగడానికి ఒక సొరకాయ బుర్ర. సన్నని పుల్లతో తీగ మీద కొడతారు, వేలితో తీగను ఒత్తి స్వరాన్ని కొంచెం మార్చుతారు. ఇంతకు మించి ఏమీ లేదు. సంగీతపు వాసన తెలిసిన ఏ యువకుడైనా అరగంటలో ఆ రెండు స్వరాలనూ పలికించగలడు. ఆ తరువాత పాటంతా అవే రెండు స్వరాలు, అదే నడకలో, తొణకకుండా వాయించమంటే రెండు నిమిషాలకే చేయి తడబడుతుంది.

ఈ తడబాటే నేడు హైదరాబాదులోనో విజయవాడలోనో బాస్ గిటారు చేతబట్టిన కుర్రవాడికీ ఎదురవుతున్నది. వాద్యం మారింది, తీగలు నాలుగైనాయి, విద్యుత్తు వచ్చింది. కష్టం మాత్రం అదే.

బాస్ గిటారుకు వయస్సు ఎక్కువ లేదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన లియో ఫెండర్ 1951లో విడుదల చేసిన ‘ప్రెసిషన్ బాస్’ ఈ వాద్యాన్ని లోకమంతటా వ్యాపింపజేసింది. అంతకుముందు మంద్రస్వరాల భారమంతా నిలువెత్తు డబుల్ బాస్ మోసేది. దానికి మెట్లు ఉండవు. స్వరస్థానం వేలికే తెలియాలి. ఫెండర్ తన వాద్యానికి మెట్లు అమర్చాడు గనుక స్వరం కచ్చితంగా పలుకుతుందని దానికి ఆ పేరు పెట్టాడు. స్వరస్థానాల బాధ అంతటితో తీరింది. బాస్ తేలిక అనే అపోహ పుట్టింది కూడ బహుశా అప్పుడే. బృందంలో గిటారు బాగా వాయించలేని వాడికి బాస్ అంటగట్టడం ఒక ఆచారమైపోయింది. బీటిల్స్ బృందంలో సైతం 1961లో బాస్ వాయించే స్టూవర్ట్ సట్‌క్లిఫ్ తప్పుకోగా, ఆ పనికి ఎవరూ ముందుకు రాకపోవడం వలన పాల్ మెకార్ట్‌నీ దానిని భుజాన వేసుకోవలసి వచ్చింది.

ఈ వాద్యంలో అన్నిటికంటె క్రింది తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మనిషి చెవి ఇంత మంద్రమైన ధ్వనిని సులభంగా పట్టుకోదు. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే కొలిచి చూపిన విషయమిది: మధ్యస్థాయి ధ్వనితో సమానంగా వినిపించాలంటే మంద్రధ్వనికి ఎన్నో రెట్ల శక్తి కావాలి. చిన్న రేడియోలో, చేతి ఫోనులో అసలు ఆ మూలధ్వని పుట్టనే పుట్టదు. దాని పై స్వరాంశాలను బట్టి మెదడు మూలస్వరాన్ని ఊహించుకుంటుంది. అందుచేత పాట విని నేర్చుకునే అభ్యాసకుడికి ఏ స్వరమో తెలుస్తుంది. ఆ స్వరం ఎక్కడ ఆగిందో తెలియదు. వాడు నేర్చుకున్నది సగం పాఠం. మిగిలిన సగం లేదన్న సంగతి కూడ వాడి చెవికి అందదు.

ఆ మిగిలిన సగం ఏమిటి? స్వరం ముగింపు. మద్దెల మీద దెబ్బ పుట్టిన వెంటనే క్షీణిస్తుంది. బాస్ తీగ అలా కాదు. ఆపకపోతే కొన్ని సెకన్ల పాటు మ్రోగుతూనే ఉంటుంది. కనుక బాస్ వాద్యకుడు మీటిన ప్రతి స్వరాన్నీ తానే ఆపాలి. ఎడమచేతి వేలిని మెట్టు మీద నుంచి కొంచెం సడలించాలి, లేదా కుడిచేతి వేలిని తీగకు ఆనించాలి. ఇంతలో మీటని మిగిలిన మూడు తీగలు సానుభూతితో గుయ్యిమనకుండా అణచి ఉంచాలి. రెండు చేతుల పనిలో సగం శబ్దాన్ని ఆపడమే అనడం అతిశయోక్తి కాదు. రాసిన స్వరాలలో ఇదేదీ సరిగా కనబడదు.

క్వీన్ బృందం 1980లో వెలువరించిన ‘అనదర్ వన్ బైట్స్ ది డస్ట్’ పాటను ఉదాహరణగా తీసుకోవచ్చు. జాన్ డీకన్ రాసిన ఆ పాటకు ఆయన బాసే వెన్నెముక. ఒకే స్వరం మూడు సార్లు, పిమ్మట మౌనం. ఎడమచేతి వేలు ఏ మెట్టునూ తాకనక్కరలేని స్వరమది. ప్రపంచంలో బాస్ నేర్చుకునే ప్రతివాడూ మొదటి వారంలోనే దీనిని వాయించేస్తాడు. పక్కన డ్రమ్స్ చేరగానే అసలు రంగు బయటపడుతుంది. మూడు దెబ్బలలో రెండవది బలహీనంగా ఉంటుంది. మూడవది ఆగవలసిన చోట ఆగక, మౌనంలోకి కారుతుంది. ఆ మౌనాన్ని భరించలేక తరువాతి దెబ్బ తొందరపడి ముందే వచ్చేస్తుంది. స్వరాలన్నీ సరైనవే. పాట మాత్రం లేచి నిలబడదు.

బెన్ ఇ. కింగ్ పాడిన ‘స్టాండ్ బై మీ’ (1961) మరొక రకమైన పరీక్ష. అందులో బాస్ నడక మొదలైన చోటు నుంచి పాట ముగిసే వరకు దాదాపు మార్పు లేకుండా తిరుగుతూ ఉంటుంది. ఒక్కసారి వాయించడం పిల్లల ఆట. ఇరవయ్యవసారి కూడ మొదటిసారి వలెనే వాయించాలి. మనస్సు విసుగెత్తగానే చేయి ఏదో ఒక అలంకారం చేర్చబోతుంది. మన సంగీత విద్యార్థి సంగతులు వేయాలని తహతహలాడినట్లే. గాయకుడు ఆ నడకను నమ్మి దాని మీద తన స్వేచ్ఛను కట్టుకున్నాడు. అది ఒక్క అడుగు పక్కకు వేస్తే పైనున్నదంతా కదులుతుంది. పింక్ ఫ్లాయిడ్ వారి ‘మనీ’ (1973) పాట ఏడు అక్షరాల ఆవృత్తంలో నడుస్తుంది. పాశ్చాత్య విద్యార్థికి ఆ లెక్కే ఒక గండం. మిశ్రచాపు చేతిలో వేసుకొని పెరిగిన మనవాడికి లెక్కలో ఇబ్బంది ఉండదు గాని, చెరిసగం పడని స్వరాల ఊపు దగ్గర వాడూ అందరితో సమానుడే.

పాఠకులు ఇంట్లో కూర్చొనే ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చు. గడియారంలో సెకన్ల ముల్లును చూస్తూ, దానితోపాటు బల్ల మీద పది దెబ్బలు వేయండి. పిమ్మట కళ్లు మూసుకొని అదే వేగంతో మరి ఏభై దెబ్బలు లెక్కించి, కళ్లు తెరచి ముల్లు ఎక్కడ ఉన్నదో చూడండి. సరిగా గుండ్రంగా వచ్చి చేరినవారు అరుదు. చాలామందికి ముల్లు ఇంకా వెనకనే ఉంటుంది, అనగా చేయి తొందరపడింది. ఇప్పుడు నిమిషానికి 110 అక్షరాల వేగంతో నాలుగు నిమిషాల పాటను ఊహించండి. 440 అక్షరాలు. డ్రమ్ము వాయించేవాడు పాదంతో కొట్టే దెబ్బా, బాస్ స్వరమూ ఒకే క్షణంలో పడవలసిన చోట్లు అందులో ఎన్నో. సెకనులో ముప్ఫయ్యవ వంతు తేడా వచ్చినా ఒకటిగా వినిపించవలసిన దెబ్బ రెండుగా చీలుతుంది. శ్రోతకు కారణం తెలియదు. పాట ఎందుకో రుచించలేదని మాత్రం అంటాడు.

అందుకే అనుభవజ్ఞులైన గురువులు శిష్యుణ్ణి వెనక్కి నడిపిస్తారు. కష్టమైన పాట తీసివేసి, ఒకే స్వరం చేతికిస్తారు. మెట్రొనోమ్‌ను నిమిషానికి అరవైకి దించుతారు. వేగంలో దాగే లోపాలన్నీ విలంబకాలంలో బయటపడతాయన్నది సరళీవరుసలను మూడు కాలాలలో సాధన చేయించే మన గురువులకు తెలియనిది కాదు. ఆ తరువాత మెట్రొనోమ్ టిక్కును ప్రతి అక్షరానికీ గాక రెండవ, నాల్గవ అక్షరాలకు మాత్రమే వినిపించేటట్లు పెట్టుకోమంటారు. నడుమనున్న కాలాన్ని శిష్యుడే మోయాలి. అన్నిటికంటె నిర్దాక్షిణ్యమైన గురువు రికార్డింగు. వాయిస్తున్నప్పుడు సవ్యంగా తోచినది వినిపించుకుంటే ఎంత ఎగుడుదిగుడో తెలుస్తుంది. చూపుడువేలి దెబ్బ గట్టిగా, మధ్యవేలి దెబ్బ మెత్తగా పడుతున్నదని చాలామంది గ్రహించేది అప్పుడే. డెట్రాయిట్ నగరంలో మోటౌన్ రికార్డులకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ జీవితాంతం ఒక్క చూపుడువేలితోనే మీటేవాడు. తోటివారు ఆ వేలికి ‘కొక్కెం’ అని పేరు పెట్టారు. ఆయన వాయించినవి సులభమైన స్వరాలేమీ కావు. అయినా రెండు వేళ్ల మధ్య తేడా అనే సమస్యే ఆయనకు లేకపోయింది. ఆ రికార్డులు లక్షల ఇళ్లలో మ్రోగుతున్న రోజుల్లో చాలా ఏళ్లపాటు వాటి మీద ఆయన పేరైనా అచ్చు కాలేదు.

మన సినిమా సంగీతంలోనూ ఈ వాద్యానికి గౌరవస్థానం ఆలస్యంగానే వచ్చింది. 1976లో రంగప్రవేశం చేసిన ఇళయరాజా బాస్ గిటారుకు పల్లవి చరణాలతో సమానమైన బాధ్యత అప్పగించారు. ‘గీతాంజలి’ (1989) పాటలను మంచి పరికరం మీద విన్నవారికి గాయకుని క్రింద మరొక గొంతు నడుస్తున్నట్లు వినిపిస్తుంది. తెలుగునాట బాస్ నేర్చుకునేవారిలో ఎందరో ఆ పాటలు విని మోహపడినవారే. వారు నేరుగా అక్కడికే ఎగరాలని చూస్తారు. ఒక స్వరాన్ని ఆపడం రాని చేతికి ఆ అల్లిక లొంగదు. మళ్లీ మొదటి మెట్టుకే రాక తప్పదు.

నిజానికి ఈ సాధన తెలుగువారికి పరాయిది కానే కాదు. తంబురాకు కూడ నాలుగే తీగలు. పంచమం, షడ్జమం, షడ్జమం, మంద్రషడ్జమం. మీటడం తప్ప చేసేదేమీ లేదు. అయినా కచేరీలో వెనుక కూర్చొని తంబురా వేసేవారిని అడిగితే చెబుతారు: రెండు గంటల సేపు ఒకే ఒత్తిడితో, తాళం వైపు చేయి జారిపోకుండా, నాలుగు తీగల నాదం ఒకటిగా అల్లుకునేటట్లు మీటడం ఏమంత తేలిక కాదని. బాస్‌కు ఇంకా దగ్గరి చుట్టం తెలంగాణలో బైండ్లవారి జమిడిక. ఉత్తరాంధ్రలో జముకు అన్నా ఇదే జాతి. ఒకవైపు తోలు మూసిన చిన్న పాత్ర, ఆ తోలు నడిమి నుంచి బయలుదేరిన ఒకే తీగ, దాని రెండవ కొస వాద్యకుని చేతిలో. తీగను లాగిన కొద్దీ స్వరం పైకి పోతుంది, సడలిస్తే దిగుతుంది. రాత్రంతా సాగే ఎల్లమ్మ కథకు ఈ గుబగుబలే నేల. కథ రోషానికి, దుఃఖానికి, హాస్యానికి మారుతుంది. జమిడిక తన చోటున తాను ఉంటుంది. మెట్లు లేవు, నిలకడైన శ్రుతి లేదు. తీగను ఎంత లాగాలో మణికట్టుకే తెలియాలి. దీని ముందు ఫెండర్ గారి మెట్లు ఒక విలాసమనే చెప్పాలి.

ఇంత సులభమైన దానికి ఇంత శ్రమ ఎందుకు, యంత్రానికి అప్పగిస్తే పోలేదా అన్న ఆలోచన రాకపోలేదు. జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1981లో టీబీ-303 అనే చిన్న పెట్టెను విడుదల చేసింది. ఒంటరిగా సాధన చేసుకునే గిటారు వాద్యకునికి పక్కన బాస్ వాయించే మనిషి లేని లోటు తీర్చడం దాని పని. స్వరాలను ముందుగా అమర్చుకుంటే కాలం తప్పకుండా వాయిస్తుంది. సచిన్ మరమగ్గమూ కాలం తప్పదు. దానిని ఎవరూ సంగీతమనరు. ఆ పెట్టె గతీ అంతే అయింది. బాస్ గిటారు వలె వినిపించడం లేదని కొనేవారు కరవై, 1984లో దాని తయారీ నిలిచిపోయింది. ముచ్చటైన విషయమేమంటే, ఆ యంత్రంలో బాస్ గిటారును వెదకకుండా వేరొకదానిని విన్న తొలివారిలో ఒకడు భారతీయుడు. బొంబాయి సినిమా వాద్యబృందాలలో పనిచేసిన చరణ్‌జీత్ సింగ్ 1982లోనే దానితో పది రాగాలను డిస్కో లయలో వాయించి రికార్డు చేశాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 1987లో చికాగో యువకులు అదే యంత్రంతో ఒక కొత్త నృత్యసంగీతాన్ని పుట్టించిన తరువాత, చాలా ఏళ్లకు, 2010లో ఆ రికార్డు మళ్లీ వెలువడి ఆయనకు విదేశాలలో పేరు తెచ్చింది.

యంత్రం ఓడిపోయింది కచ్చితత్వంలో కాదు. మనిషి వాయించే బాస్ గడియారాన్ని అనుసరించదు. పక్కనున్న డ్రమ్మును, ఎదుటనున్న గాయకుణ్ణి అనుసరిస్తుంది. గాయకుడు ఒక మాట మీద నిలిచినప్పుడు అది వెంట్రుకవాసి వెనక్కి తగ్గి చోటిస్తుంది. పాట బరువెక్కినప్పుడు ఒక్కొక్క స్వరాన్నీ మరికొంచెం సేపు మ్రోగనిస్తుంది. ముందు కాలం మీద పట్టు ఉంటేనే ఈ సడలింపులు సంగీతమవుతాయి. పట్టు లేనివాడు వెనకబడితే అది వెనకబడడమే. ఈ రెంటికీ గల తేడా అరగంటలో స్వరాలు నేర్చుకున్నవాడికి రెండేళ్లకు గాని వినిపించదు. వినిపించిన తరువాత చేతికి రావడానికి మరికొంత కాలం. ఈ మధ్యకాలంలోనే చాలామంది బాస్‌ను వదిలివేసి గిటారుకో, కీబోర్డుకో మరలిపోతారు. చేయి చేసిన పని నలుగురి కంటికీ వెంటనే ఆనే వాద్యాలవి.

మలుంగా విషయంలో ఈ మరలిపోవడం ఇంకా తీవ్రంగా జరిగింది. ఇదే ఆఫ్రికా విల్లుకు బ్రెజిల్‌లో బెరింబావు అనే దాయాది ఉన్నది. ఒక తీగ, ఒక బుర్ర, ఒక పుల్ల. తీగకు ఆనించడానికి ఒక రాయి లేదా నాణెం. అక్కడ కపోయెరా అనే యుద్ధనృత్యానికి అది ప్రాణం. ఆట ఎప్పుడు మందగించాలో, ఎప్పుడు ఉద్ధృతం కావాలో నిర్ణయించేది ఆ రెండు మూడు స్వరాలే. కనుక ప్రతి కపోయెరా బడిలోనూ పిల్లలు దానిని పట్టి, వేళ్లు నొప్పిపెట్టే వరకు అదే నడకను తిప్పుతారు. గుజరాత్‌లో గోమా నృత్యానికి ఆదరణ దొరికింది. సిద్దీ బృందాలు విదేశాల వేదికల మీద కూడ ఆడి వచ్చాయి. నజీర్ అలీ జైరాజ్‌భాయ్, ఎమీ కాట్లిన్ దంపతులు వారి సంగీతాన్ని శ్రద్ధగా చిత్రీకరించి 2003లో లోకానికి చూపారు. వేదిక మీద డోళ్లకు, ఆటకు చోటు ఉన్నది. ఒంటరి ఫకీరు పాట క్రింద మెల్లగా మ్రోగే విల్లుకు అంత చోటు లేకపోయింది. నేడు దానిని పట్టగలవారు బహు కొద్దిమంది. వాద్యం తయారు కావడానికి ఒక కర్ర, కొంచెం తీగ, ఎండిన సొరకాయ బుర్ర చాలు. ఇవేవీ కొరత పడలేదు. కొరత పడింది, తెలిసినవాని పక్కన కూర్చొని, తనకు వచ్చేసిందని తోచిన ఆ రెండు స్వరాలను మరునాడు కూడ వాయించే కుర్రవాడే.